జీన్ గారి బొగ్గు ఊరు

పోయిన నెల మనవడి ముచ్చట తీర్చడానికి పాత ఆవిరి రైలు ఎక్కాం. ఇంజను కదలగానే బొగ్గు పొగ కిటికీలోంచి దూసుకొచ్చి గొంతులో పడింది. పెట్టెలో అందరూ ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం గుండెల నిండా పీల్చాను. “ఆర్ యూ ఓకే, అమ్మమ్మా?” అని వాడు నా మొహంలోకి చూశాడు. జీన్ గారు గుర్తొచ్చారని చెబితే వాడికేం తెలుస్తుంది? వాడు పుట్టేనాటికే ఆవిడ లేరు.

డెబ్భై తొమ్మిది చలికాలంలో, కొత్త పెళ్ళికూతురిగా అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో దిగాను. మావారు పొద్దున్నే ఆఫీస్‌కి వెళ్తే సాయంత్రం దాకా మంచు తప్ప మనిషి కనపడేది కాదు. పక్కింట్లో జీన్ గారు ఒక్కరే ఉండేవారు. అరవై దాటిన మనిషి. యుద్ధం అయ్యాక భర్తతో స్కాట్లాండు నుంచి వచ్చారు. ఆయన కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి కాలం చేశారు. ఒకరోజు ఆవిడ మా తలుపు తట్టి, “డ్రైవ్ చేయడం వచ్చా?” అని అడిగారు. రాదన్నాను. “అయితే కోటు వేసుకుని రా” అన్నారు. అలా ఆవిడే నాకు డ్రైవింగ్ నేర్పారు. మా కబుర్లన్నీ కార్‌లోనే అయ్యాయి.

మలుపు మలుపుకీ తన ఊరి గురించి చెప్పేవారు. బారులు తీరిన గని కార్మికుల ఇళ్ళు, ఆ వరసల చివర మనుషుల్ని లోపలికి దించే ఎత్తైన గని చక్రం, జీతంలోంచి తలా కొంచెం వేసుకుని కార్మికులే కట్టుకున్న లైబ్రరీ, వేసవి జాతరనాడు వీధుల్లో వాయించుకుంటూ వెళ్ళే బ్యాండు. పదిహేనేళ్ళకే ఆవిడ గని పైన పనిలో చేరారు. కదిలే బెల్టు మీద బొగ్గు పోతుంటే అందులోంచి రాళ్ళు ఏరిపారేయడం. గని లోపల పైకప్పు కూలి ఆవిడ అన్నయ్య చనిపోయాడు. ఇదంతా సిగ్గూ బింకమూ లేకుండా, మనం మన వంటింటి సంగతులు చెప్పుకున్నట్టు చెప్పేవారు.

ఒకసారి ఓ పాత ఫోటో చూపించారు. లిఫ్టు లాంటి ఇనుప బోనులో నిలబడ్డ మనుషులు. “వీళ్ళింకా దిగలేదు, మొహాలు శుభ్రంగా ఉన్నాయి” అన్నాను, ఆలోచించకుండానే. ఆవిడ నావైపు తిరిగి, “మీ నాన్న కూడా గనిలోనేనా?” అన్నారు.

“గని కంపెనీలోనే. ఆఫీసర్” అన్నాను.

అది అబద్ధం. మా నాన్న ఇల్లెందులో కోల్‌ఫిల్లర్. బాయిలోకి, అంటే గనిలోకి దిగి, ఇనుప టబ్బుల్లోకి బొగ్గెత్తేవాడు. కాని ఇక్కడ పరిచయమైన తెలుగువాళ్ళలో డాక్టర్ల కూతుళ్ళు, లెక్చరర్ల కూతుళ్ళు ఉండేవారు. మొదటి పార్టీలోనే నా నోట ‘ఆఫీసర్’ అని వచ్చేసింది. ఆ తర్వాత దాన్ని వెనక్కి తీసుకునే ధైర్యం చాలలేదు. మా అమ్మాయి సుధ పుట్టాక దానికీ అదే చెప్పాను.

సుధకి ఆరేళ్ళప్పుడు, ఎప్పుడో మూతపడ్డ ఆ గనిని మ్యూజియంగా మార్చారని జీన్ గారి చెల్లెలు ఉత్తరం రాసింది. మూడోరోజు జీన్ గారు మా ఇంటికి వచ్చి, “మీరు ఇండియాకి వెళ్తూ లండన్‌లో ఆగుతారుగా? నాతో మా ఊరు దాకా రా, రాజీ. ఒక్కదాన్నే ఆ గేటు దాటలేను” అన్నారు. ఆవిడ నన్ను సాయం అడగడం అదే మొదలు. మావారు సెలవు దొరక్క తర్వాత వస్తానన్నారు. సుధని తీసుకుని నేను బయల్దేరాను.

అక్కడ అంతా చక్కగా అమర్చారు. పైన చక్రానికి కొత్త రంగు, ఇంజను గదిలో మెరిసే ఇత్తడి, దీపాల గదిలో ఒక్కో కార్మికుడి దీపానికీ వరసగా నంబర్లు. ఒక కార్మికుడి ఇంటిని మంచం, పొయ్యి, స్నానపు తొట్టితో సహా పాత పద్ధతిలో ఉంచారు. బెల్టు దగ్గరికి రాగానే గైడు కుర్రాడు, “ఆడవాళ్ళు ఇక్కడ తేలిక పనులు చేసేవారు” అన్నాడు.

“తేలికా?” జీన్ గారు ముందుకొచ్చి, వంకర తిరిగిన తన రెండు వేళ్ళు చూపించారు. “బెల్టు ఆగదు బాబూ. రాయి జారితే చెయ్యి పోతుంది. చలికి వేళ్ళు మొద్దుబారితే చెయ్యి పోయిందని కూడా తెలియదు.” తర్వాత తన వరసలో నిలబడ్డ అమ్మాయిల పేర్లు ఒక్కొక్కటే చెప్పారు. ఆ కుర్రాడు టోపీ తీసి, జేబులోంచి పెన్ను తీసి రాసుకున్నాడు.

సుధ నా చెయ్యి లాగింది. “మమ్మీ, తాతయ్య ఆఫీస్‌లో కూడా ఇలా ఉంటుందా?”

పదిమంది చూస్తుండగానే దాని ముందు వంగి కూర్చున్నాను. “తాతయ్యకి ఆఫీస్ లేదమ్మా. తాతయ్య కిందికి దిగి బొగ్గెత్తేవాడు. నేనే అబద్ధం చెప్పాను” అన్నాను.

బయట బెంచీ మీద కూర్చున్నాక జీన్ గారికి క్షమాపణ చెప్పాను. ఆవిడ నవ్వారు. “ఫోటో చూసిన రోజే తెలుసు. ఆఫీసర్ల కూతుళ్ళు మొహాల మీద మసి చూడరు.” మళ్ళీ అన్నారు: “చక్రాలు, దీపాలు ఎవరో ఒకరు దాస్తారు. పేర్లు ఎవరూ దాచరు. తనతో పనిచేసినవాళ్ళ పేర్లు మీ నాన్నని అడుగు.”

రెండు వారాల తర్వాత ఇల్లెందులో, మా ఇంటి అరుగు మీద అడిగాను. నాన్న మొదట, “అవన్నీ నీకెందుకు బిడ్డా? నిన్ను చదివించింది ఇది మరిచిపోనీకే గదా” అన్నాడు. నేను కదల్లేదు. సుధ ఆయన ఒళ్ళో ఎక్కి, వచ్చీరాని తెలుగులో, “తాతయ్యా, నీ ఫ్రెండ్స్ నేమ్స్ చెప్పు” అంది. అప్పుడు నాన్న కళ్ళు మూసుకుని, తన గ్యాంగులో వాళ్ళని వరసగా చెప్పాడు. ఒక్కో పేరు దగ్గర ఆగి, వాళ్ళు ఎలా నవ్వేవారో, ఎవరు తన అన్నం పంచుకునేవారో చెప్పాడు. ఇద్దరి దగ్గర మాత్రం, “బాయిల నుంచి పైకి రాలే” అని తర్వాతి పేరుకి వెళ్ళాడు.

ఆ తర్వాత ఫార్మింగ్టన్ హిల్స్‌లో నా మాట మారింది. మీ ఫాదర్ ఏం చేసేవారని అడిగినవాళ్ళకి ఉన్నదే చెప్పాను. ఒకామె మాటలు తగ్గించింది. ఇంకొకామె వంటింట్లోకి వచ్చి, ఎవరూ వినకుండా, “మా నాన్నది కూడా బాయి పనే” అంది.

జీన్ గారు పోయారు, నాన్నా పోయాడు. నాన్న చెప్పిన ఆ పేర్లు నేను ఎక్కడా రాసుకోలేదు, రాసుకునే అవసరం పడలేదు. కొమురయ్య, ఓదెలు, రాజలింగు, యాకూబ్, పెద్ద సాయిలు, చిన్న సాయిలు.