చెవులు చూసినవా?

తెలంగాణ వచ్చిన కొత్తలో మా వైపు గాలికి కూడా ఫ్లెక్సీ వాసన ఉండేది. నార్కట్‌పల్లి చౌరస్తాలో ఖాళీగా ఉన్న కరెంటు స్తంభం ఒక్కటీ కనిపించేది కాదు. పుట్టినరోజు శుభాకాంక్షలు, బతుకమ్మ శుభాకాంక్షలు, పదవి వచ్చినవాళ్లకు శుభాకాంక్షలు, పదవి రాబోతున్నదని తామే అనుకుంటున్నవాళ్లకు ముందస్తు శుభాకాంక్షలు. వాటిలో సగం నా చేతి మీదుగా పుట్టినవే. డిగ్రీ తప్పి (ఒక్క సబ్జెక్టే, కాకపోతే మూడుసార్లు) చౌరస్తా పక్కనున్న ఫోటో స్టూడియోలో డిజైనర్‌గా చేరాను. ‘డిజైనర్’ అని నాకు నేనే పెట్టుకున్నాను. మా ఓనరు మాత్రం ‘ఏయ్ కంప్యూటర్’ అని పిలిచేవాడు. ఆయన్ను ఊరంతా ఫోకస్ భాయ్ అనేది, ఎందుకంటే ముందు నిలబడింది పెళ్లికొడుకైనా పెద్ద ఆఫీసరైనా ‘జర ఇటు ఫోకస్’ అని గదమాయించేవాడు.

ఇతరుల మొహాలు రోజంతా తెల్లగా దిద్దే నేను, ప్రకటనలను మాత్రం పసిపిల్లాడిలా నమ్మేవాణ్ని. ఇంటర్ రెండేళ్లూ ఎత్తు పెరిగే పొడి పాలలో కలుపుకుని తాగాను. గోడ మీద పెన్సిల్‌తో పెట్టుకున్న గీత ఉన్నచోటే ఉండిపోయింది, ప్యాంటు నడుము మాత్రం రెండుసార్లు వదులు చేయించాల్సి వచ్చింది. అయినా తప్పు పొడిది అనుకోలేదు. డబ్బా మీద ‘క్రమం తప్పకుండా’ అని రాసి ఉంది, నేనేమో ఒక ఆదివారం తప్పాను కదా!

ఒకరోజు ఫోకస్ భాయ్ పెళ్లి ఫోటోలకు వెళ్లినప్పుడు నూనె సారు వచ్చాడు. ఇంటి వెనక పొయ్యి పెట్టి జుట్టు మొలిపించే నూనె కాచే పెద్దమనిషి. “తమ్మీ, ఒక పెద్ద ఫ్లెక్సీ కావాలె. ఎడమదిక్కు బట్టతల, కుడిదిక్కు నిండు జుట్టు, నడుమ బాణం గుర్తు” అన్నాడు. “మనిషేడి సార్?” అన్నాను. “మనిషెందుకు, నువ్వు డిజైనరువు గదా!” అన్నాడు. జీవితంలో మొదటిసారి నన్ను ఎవరో డిజైనర్ అన్నారు. ఇక నా కాళ్లు నేల మీద నిలవలేదు.

మా మామ, అంటే అమ్మకు తమ్ముడు, పోచంపల్లిలో మగ్గం నేసేవాడు. ముప్పై దాటకముందే జుట్టు ఆయన్ను విడిచిపెట్టింది. చెవుల మీదుగా ఒక వరస మాత్రం మొహమాటానికి మిగిలింది. సంబంధాలకు పంపడానికి మా స్టూడియోలోనే దిగిన ఆయన ఫోటో కంప్యూటర్లో ఉంది. నాకేమో అచ్చం మేనమామ పోలిక: అవే కనుబొమ్మలు, అదే ముక్కు. పైగా అప్పట్లో నా తల దువ్వెన దూరనంత ఒత్తుగా ఉండేది. ఎడమవైపు మామ, కుడివైపు నేను. ‘ముందు’, ‘తర్వాత’. చూస్తుంటే నాకే గుండె ఝల్లుమంది. “ఎన్ని రోజులల్ల అని రాద్దాం సార్?” అంటే, నూనె సారు కాసేపు గడ్డం గోక్కుని “ఏదో ఒకటి రాయి” అన్నాడు. ‘నెల రోజుల్లో’ అని రాస్తే అక్షరాలు సీసా బొమ్మ మీదికి ఎక్కుతున్నాయి. ‘21 రోజుల్లో’ అని కొట్టాను, కొలిచినట్టు సరిపోయింది.

ఫ్లెక్సీ బస్టాప్ ఎదురుగా లేచింది. నా తలకాయ ఒక్కటే మనిషి ఎత్తు! ఎవరైనా గుర్తుపడతారేమోనని ఎదురుగా ఉన్న హోటల్లో రోజుకు ఆరు టీలు తాగాను. ఫోకస్ భాయ్ తిరిగొచ్చి, రోడ్డవతల నుంచి ఒక కన్ను మూసి చూసి, “చెవులు, బేటా” అని మాత్రం అని లోపలికి పోయాడు. నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరిక కూడా లేదు.

ఆదివారం మామ వచ్చాడు. తిడతాడని నేను మూడు రకాల క్షమాపణలు సిద్ధం చేసుకున్నాను. ఆయన ఫ్లెక్సీ కింద చాలాసేపు నిలబడి, నా భుజం మీద చెయ్యేసి, గొంతు తగ్గించి అడిగాడు.

“అల్లుడా, గా నూనె ఒక సీస దొరుకుతదా?”

“మామా! గది నా తలకాయ!”

“నాకు తెల్వదారా! అయినా గంత పెద్ద ఫ్లెక్సీ ఊకెనే ఏస్తరా?”

“ఏసింది నేనే మామా!”

“ఏసింది నువ్వే, కని ఏపిచ్చినోనికి నమ్మకం లేకుంటే ఏపిస్తడా?”

చివరికి నేనే నూనె సారు దగ్గర ఒక సీసా ఇప్పించాను. మామ సీసా పట్టుకుని బస్సెక్కాడు. (ఇంకో నిజం కూడా చెప్పేస్తాను. ఆయన ధీమా చూశాక, ఉన్న జుట్టునైనా కాపాడుకుందామని నేనూ రాయడం మొదలుపెట్టాను. అబద్ధం నేనే వండి, వాసన బాగుందని నేనే వడ్డించుకున్నాను.)

అసలు కథ ఇక్కడ ముదిరింది. నకిరేకల్‌లో ఒక సంబంధం వాళ్లు మామ ఫోటో చూసి, బట్టతల అని పక్కన పెట్టేశారు. ఆ అమ్మాయి తండ్రి ఒకనాడు హైదరాబాదు పోతూ బస్సులోంచి మా ఫ్లెక్సీ చూసి, ఫోటో తీసి ఇంటికి పంపాడు. ఎడమవైపు ఉన్నది తాను వద్దన్న పిల్లవాడే, కుడివైపు ఉన్నది ఆ పిల్లవాడి ఇప్పటి వైభవం! బస్సు చౌటుప్పల్ చేరకముందే మా అవ్వకు, అంటే అమ్మమ్మకు, ఫోన్ చేశాడు. “నూనె మస్తు పని చేసిందట గద! పిల్ల గూడ చూస్తనంటున్నది, వచ్చే ఆదివారం తీసుకొని వస్తున్నం” అన్నాడు. ఒక్కగానొక్క కొడుక్కు పెళ్లి కావడం లేదని ఏళ్ల తరబడి కుములుతున్న అవ్వ, ఏ నూనె అని కూడా అడగకుండా రమ్మన్నది.

విషయం తెలిసి అమ్మ అట్లకాడ పట్టుకుని నా వెంట పడింది. అందరం పోచంపల్లి చేరాం, మామ ఇల్లంతా ఒకటే హడావుడి. మామ నెత్తి చూస్తే నూనె మెరుపు తప్ప ఏమీ లేదు. “ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్తనే అమ్మా” అని మామ అంటే, అవ్వ ఫోను తన కొంగులో ముడేసుకున్నది. “మొక్కుండె, గుట్టకు పోయి దేవునికి తలనీలాలు ఇచ్చొచ్చిండని చెప్దాం. గుండు మీద గంధం పూస్తే ఎవలికి తెలుస్తది?” అన్నది. నేను చప్పట్లు కొట్టాను! ఇంత తెలివి మా వంశంలో ఉండగా నాకు డిగ్రీ ఎందుకు తప్పిందో ఇప్పటికీ అంతుపట్టదు. దేవుడి పేరు వాడుకున్నందుకు తప్పు కాకుండా, అవ్వ ముందుగానే ఒక కొబ్బరికాయ ముడుపు కట్టి పెట్టింది. చెవుల మీద మిగిలిన ఆ వరస కూడా మంగలి కత్తికి పోయింది. పోతుంటే మామ అద్దంలో చూసుకున్న చూపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు పాపం అనిపిస్తుంది.

ఆదివారం రానే వచ్చింది. ముందుగదిలో మగ్గం పక్కన చాపలేశారు. గంధం పూసిన గుండుతో మామ తలొంచుకుని కూర్చున్నాడు. నేను పకోడీల పళ్లెం పట్టుకుని అందరి ముందు తిరుగుతున్నాను. అమ్మాయి తండ్రి గుండు చూసి కాస్త నిరాశపడ్డా, అవ్వ చెప్పిన మొక్కు కథ విని దండం పెట్టుకున్నాడు. గండం గడిచిందని నేను ఒక పకోడీ నోట్లో వేసుకున్నాను. అప్పుడు ఆ అమ్మాయి తలెత్తింది. ఆమె నకిరేకల్‌లో జిరాక్స్ సెంటర్ నడిపేదట. పాస్‌పోర్ట్ ఫోటోలు తీసి కత్తిరించడం రోజూ చేసే పని. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు.

“ఒక మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. ఎంటికలు మళ్లెప్పుడు వస్తయి?” అంది మామతో.

“ఇరవై ఒక్క రోజులల్ల బిడ్డా!” అని అవ్వ ఠక్కున అందుకున్నది.

అమ్మాయి నవ్వు ఆపుకుంటూ, “ఫ్లెక్సీల ఎడమదిక్కు చెవులు మీయే. బయటికి నిలబడి, కింద తమ్మెలు వేలాడుతున్నయి. కుడిదిక్కు చెవులు చిన్నగ, నెత్తికి అతుక్కొని ఉన్నయి. నూనెకు ఎంటికలు మొలుస్తయేమో గని, చెవులు గూడ మారుతయా?” అంది. అని, మెల్లగా నా వైపు తిరిగింది. ఆమెతో పాటు గదిలో ఉన్న కళ్లన్నీ నా చెవుల మీదికి వచ్చాయి. దాచుకుందామంటే రెండు చేతుల్లో పళ్లెం. నోట్లో పకోడీ మింగుడు పడలేదు.

అమ్మాయి తండ్రి లేచి నిలబడ్డాడు. అవ్వ ఆయన దారికి అడ్డం పోయింది. అప్పుడు మామ భుజం మీది తువ్వాలతో నెత్తి మీది గంధం మొత్తం తుడిచేశాడు.

“రావు. ఎంటికలు ఎన్నటికీ రావు. గుట్టకు పోలే, మొక్కూ లేదు. గది నా అల్లుని తలకాయ. నేను గూడ ఆశపడి రెండు సీసలు రాసిన, దిండు జిడ్డయింది గని ఒక్క ఎంటిక రాలే. నా నెత్తి గిట్లనే ఉంటది. అబద్ధంతోని సంసారం నాతోని కాదు” అన్నాడు.

నాకు సిగ్గుతో చెవులు (అవే చెవులు) కాలిపోతున్నాయి. అమ్మాయి మాత్రం తండ్రి చెయ్యి పట్టి లాగింది. “కూసో బాపూ. నువ్వు పంపిన ఫోటో చూసిననాడే నాకు తెలుసు. ఈయన నిజం చెప్తడా, బాణం గుర్తు చూపిస్తడా చూద్దామనే వచ్చిన” అంది. తర్వాత నన్ను అడిగింది. “నువ్వేనా గది చేసింది? బాగనే చేసినవ్. మరి ఇరవై ఒక్క రోజులని ఎవలు చెప్పిండ్రు?”

“ఎవలూ చెప్పలే అక్కా. జాగ... జాగ సరిపోయింది.”

మొదట ఆమె నవ్వింది, తర్వాత మామ, తర్వాత గదంతా. చివరికి ఆమె తండ్రి కూడా మీసం చాటున నవ్వి, కూర్చుని, పకోడీ తీసుకున్నాడు. ఆ పకోడీ చూసి అవ్వ ఏడ్చేసింది.

మర్నాడు ఫోకస్ భాయ్ “ఎక్కించినోడే దించాలె” అని నిచ్చెన చేతికిచ్చాడు. కింద నూనె సారు అరుస్తున్నాడు, పైన నేను నా తలకాయ తాళ్లు కోస్తున్నాను. బస్సు కోసం నిలబడ్డ ఒకాయన “తమ్మీ, గా బొమ్మల ఉన్నది నువ్వేనా? నూనె ఏడ దొరుకుతది?” అని కేకేశాడు. “నాకు ఎంటికలు మొదటి నుంచీ ఉన్నయన్నా!” అంటే, “అబ్బ! మొదటి నుంచీ వాడుతున్నవా!” అన్నాడు. కళ్ల ముందే దించేస్తున్నా ప్రకటన పనిచేస్తూనే ఉంటుందని ఆ నిచ్చెన మీదే నాకు తెలిసింది. నా ఎత్తు పొడి కూడా గుర్తొచ్చి, అక్కడే ఒక్కణ్నే నవ్వుకున్నాను.

ఆ అమ్మాయే మా అత్త అయింది. ఫ్లెక్సీ గుడ్డ వాళ్ల పెరట్లో కట్టెల మీద వానకు కప్పే పరదా అయింది. మా ఇంట్లో ‘చెవులు చూసినవా?’ అనేది ఒక మాటగా స్థిరపడిపోయింది. హైవే పక్కన ప్లాట్లు, సిటీకి ఇరవై నిమిషాలు అని అమ్మ ఫోనులో చూపిస్తే, “చెవులు చూసినవా? బస్సులనా, హెలికాప్టర్లనా?” అని అత్త అడుగుతుంది. ఎవరో ఏదో పంపి ‘పదిమందికి పంపండి’ అంటే, ఏపిచ్చింది ఎవలు, దాచింది ఏంది, గా అంకె ఎందుకు గదే ఉన్నది అని మేమందరం చెవులు వెతుకుతాం. దొరికినప్పుడల్లా ఇంట్లో పండగే!

మొన్న వాళ్ల ఇంటికి వెళ్తే, మామ కూతురు, రెండో తరగతి పిల్ల, ఫోన్లో ఆ పాత ఫ్లెక్సీ ఫోటో పట్టుకొచ్చింది. ‘ముందు’ బొమ్మ మీద వేలు పెట్టి, “గిది బావ!” అని నన్ను చూపించింది. (నూనె గురించి ఇక నన్నేమీ అడగకండి. మేనమామ పోలిక పూర్తయింది, బాణం గుర్తు నా విషయంలో కుడి నుంచి ఎడమకు నడిచింది.) తర్వాత ‘తర్వాత’ బొమ్మ చూసి కళ్లు పెద్దవి చేసి, “గీ అన్న ఎవలు? మస్తున్నడు!” అంది.

అత్త వంటింట్లోంచే, “చెవులు చూడు బిడ్డా” అంది.

పిల్ల ఫోన్ను నా చెవి పక్కన పెట్టి, ఒక కన్ను మూసి, ఫోకస్ భాయ్ లాగే చూసింది. ఫోటో వంక, నా వంక, మళ్లీ ఫోటో వంక. కాసేపటికి నా బోడినెత్తి మీద చిన్న చెయ్యి మెల్లగా ఆనించి, “అయ్యో బావా, గిది నువ్వా!” అంది.

“నేనే బిడ్డా” అన్నాను. ఆ ఫ్లెక్సీ మొత్తంలో అబద్ధం చెప్పనివి ఆ చెవులొక్కటే.