సగంలో కట్టేసిన నాటకం

నా చిన్నప్పుడు బండారులంకలో మా తాతయ్య మగ్గం మీద కూర్చునే రేడియో నాటకాలు వినేవారు. కథ ఎంత రంజుగా ఉన్నా ఆయన చెయ్యి ఆగేది కాదు. ఒక్క ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఆగింది.

ఆ నాటకంలో ఒక పెద్దమనిషి తన తప్పును పనివాడి మీదికి తోసి, వాణ్ణి ఊళ్లోంచి వెళ్లగొట్టిస్తాడు. అప్పటినుంచీ ఎవరో తలుపు తడుతున్నట్టే ఉంటుంది ఆ పెద్దమనిషికి. తీస్తే ఎవరూ ఉండరు. నేను భయంతో తాతయ్య దగ్గరికి జరిగాను. తాతయ్య పక్కింటి గోడవైపు చూస్తున్నారు.

ఆ ఇంటి అక్క మా వీధి మగ్గాలన్నిటికీ రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. అక్కంటే నాకు ప్రాణం. కొన్నాళ్ల కిందట తాతయ్య నేసిన తెల్లచీర ఒకటి ఉతగ్గానే ఎర్రంచు రంగు దిగి పాడైపోయింది. అక్కే మంచి నూలు దాచుకుని నాసిరకం చుట్టిందని ఆయన వీధిలో అనేశారు. పెద్దాయన మాటను కాదనేదెవరు? ఆమెకు నూలిచ్చేవాళ్లే లేకపోయారు. గోడ అవతల రాట్నం చప్పుడు ఆగిపోయింది.

తాతయ్య లేచి రేడియో కట్టేశారు. చివర ఏమవుతుందో వినాలని నేను గోల పెట్టాను. "రేపు చూద్దువుగాని, ఊరుకో," అన్నారు.

మర్నాడు పొద్దున్నే మా పడుగుకు, మగ్గానికెక్కించే నిలువు దారాలకు, గంజి పెట్టారు. వీధి పొడుగునా దారాలు చాచి, అందరూ తలో చెయ్యీ వెయ్యాలి. గంజి ఆరేలోగా దారాలు విడదియ్యకపోతే పడుగు పాడవుతుంది, అందుకని మధ్యలో ఎవరూ వదిలి వెళ్లరు. సరిగ్గా అప్పుడు తాతయ్య గొంతెత్తారు.

"ఆ చీర నూలు మంచిదేనండీ. వానొస్తందని తొందరపడి, అంచు నూలుకి రంగేసేటప్పుడు సరిగ్గా ఉడకనివ్వంది నేను. తప్పు అమ్మాయి మీదికి నెట్టేను."

"ఇప్పుడెందుకండీ బాబాయిగారూ, పోనిద్దురూ," అన్నారెవరో.

"ఇప్పుడే అండీ. మీరంతా ఇక్కడే ఉన్నారు కదా."

అక్క తన గడపలో నిలబడి ఉంది. తాతయ్య అటు తిరిగి, "కండెలు చుట్టి పెడతావామ్మా?" అని అడిగారు. మాట వెనక్కి తీసుకోవడమంటే ఆయనకు ప్రాణసంకటం.

అక్క కళ్లు తుడుచుకుంది. "చుడతానండీ. ఇకమీదట రంగు ఉడికిందో లేదో నేనూ చూస్తాను."

"ఆయ్, అలాగేనమ్మా," అన్నారు తాతయ్య.

తర్వాత నేను పంతులమ్మనయ్యాను. ఏ పిల్లనైనా తరగతిలో అన్యాయంగా కసిరితే, విడిగా పిలిచి క్షమాపణ చెప్పలేదు, ఆ తరగతిలోనే అందరి ముందూ చెప్పాను. ఆ నాటకం చివర ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు. తాతయ్య తప్పు ఒప్పుకున్న ఆ సాయంత్రం గోడ అవతల రాట్నం తిరగడం మాత్రం విన్నాను.