రోశమ్మ ఎక్కనన్న కారు

గురువారం సాయంత్రం నరసరావుపేట నుంచి తిరిగొచ్చి ఇంటిముందు దిగుతూనే, కారు తలుపు పట్టుకుని నిలబడి రోశమ్మ పిన్ని చెప్పేసింది. "ఇంక ఈ కారు ఎక్కను. దీని కుదుపుకి నా నడుం ఇరిగిపోతంది. శనారం నన్ను రమ్మనమాకండి."

శనివారం రాననడం అంటే డయాలసిస్ మానేస్తాననడం. ఆమెకు రెండు కిడ్నీలూ పోయి ఏడాదిన్నర అయింది. మంగళ, గురు, శనివారాల్లో పేట వెళ్లి నాలుగు గంటలు మిషన్ మీద పడుకోవాలి. వినాయక చవితినాడు ఒక్కసారి మానేసినందుకే ఒళ్లంతా నీరుపట్టి, పడుకుంటే ఊపిరి ఆడక, తెల్లవార్లూ గోడకి ఆనుకుని కూర్చుంది. రెండుసార్లు మానేస్తే మనిషి దక్కదని డాక్టరు మా ఎదుటే అన్నాడు. బస్సులో వెళ్దామంటే స్టాండులోనే కళ్లు తిరిగి పడిపోయింది. ఉన్నది ఆ కారొక్కటే.

ఆమె భర్త కోటిలింగం. నాకు బాబాయి వరస. రక్తసంబంధం ఏమీ లేదు, మా రెండిళ్లకీ మధ్య గోడ ఒక్కటే. ముప్పై ఐదేళ్లు సున్నపురాయి క్వారీలో టిప్పర్ తోలాడు. రిటైరయ్యాక విజయపురి సౌత్‌లో ఒక ఇంజనీరు దగ్గర ఇరవై రెండేళ్ల వయసున్న తెల్ల కారు కొనుక్కున్నాడు. ఆ మూడు రోజులూ నేను కూడా ముందు సీట్లో కూర్చుని పేటలో నా ఆఫీసుకు వెళ్తాను. కాబట్టి ఈ కథలో నా తప్పు కూడా ఉంది. అది చివర్లో తెలుస్తుంది.

కారు వెనక భాగం ఆరు నెలలుగా మొత్తుకుంటోంది. గుంట కనపడితే ధడ్, స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ధడ్, ఊరికే పోతున్నా కిర్రు కిర్రు. వెనక ఇరుసును బాడీకి పట్టి ఉంచే ఇనుప చేతులుంటాయి. వాటి చివర్లలో రబ్బరు బుష్షులు ఉంటాయి. అవి అరిగిపోతే ఇనుము వెళ్లి ఇనుముకు కొట్టుకుంటుంది. మూడు నెలల కిందట బాబాయి తనే ఇంటిదగ్గర వాటిని మార్చాడు. నెల తిరక్కుండా మళ్లీ అదే మోత.

ఆ గురువారమే దారిలో మెకానిక్ మౌలాలీ షెడ్డు దగ్గర ఆపాం. మౌలాలీ కిందకి దూరి చూసి, బయటికొచ్చి నవ్వాడు.

"మామా, జాకీ మీద లేపి, చక్రాలు గాల్లో ఏలాడతుంటేనే బోల్టులు బిగించావా?"

"మరి? టిప్పర్ పని అంతా అట్టానే చేసేవాళ్లం. లోడు ఎక్కితే దానంతటదే సర్దుకుంటది."

"ఇది టిప్పర్ కాదు మామా. గాల్లో బిగిస్తే, కింద దింపగానే రబ్బరు మెలిక పడిద్ది. ఎప్పుడూ మెలికలోనే ఉంటే చిరక్క ఏం చేసిద్ది? మనుషులు కూచున్న బరువు మీద బిగించాలి. బండి ఇక్కడ పెట్టి పో, సోమారానికి ఇస్తా."

సోమవారం దాకా ఆగే వీల్లేదు. బాబాయి కొత్త బుష్షులు కొనుక్కుని జేబులో వేసుకున్నాడు. ఇంటికొచ్చాక పిన్ని ఆ మాట అనేసరికి, నిజం చెప్పొద్దూ, ఆయన ముఖంలో నాకు కొంచెం వెలుగు కనపడింది. ఏడాదిన్నరగా డాక్టర్లు చెప్పింది వినడం, తలూపడం తప్ప ఆయన చేతికి పనిలేదు. ఇప్పుడు దొరికింది.

"శనారానికి పూలపల్లకీలాగా చేస్తా. అప్పుడు ఎక్కుతావా?" అన్నాడు.

పిన్ని ఆయనవంక చాలాసేపు చూసి, "నీ ఇష్టం" అని లోపలికి పోయింది.

శుక్రవారం పొద్దున నేను సెలవు పెట్టి టార్చి పట్టుకున్నాను. కారు వెనక భాగం లేపి, తుమ్మ మొద్దుల మీద నిలబెట్టాడు. బోల్టులకు కిరసనాయిలు పోసి, సుత్తితో కొట్టి, బండబూతులు తిట్టి, మధ్యాహ్నానికి ఊడబీకాడు. పాత బుష్షు బయటికి లాగడానికి పెద్ద బోల్టు, గొట్టం ముక్క, నాలుగు వాషర్లతో తనే ఒక ఏర్పాటు చేసుకున్నాడు. బోల్టు బిగించేకొద్దీ బుష్షు గొట్టంలోకి జరిగి వచ్చేసింది. కొత్తవాటికి సబ్బునీళ్లు రాసి అదే పద్ధతిలో లోపలికి ఎక్కించాడు. బజారున పోయేవాళ్లంతా ఆగి తలా ఒక సలహా చెప్పారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేను అందరినీ తరిమేశాను.

ఇక మిగిలింది చివరి బిగింపు. ఈసారి నాలుగు చక్రాల కిందా నాపరాళ్లు పేర్చి, కారును వాటిమీదికి దింపాడు. అలాగైతే బండి బరువు చక్రాల మీద ఉంటుంది, కిందకి దూరడానికి చోటూ ఉంటుంది. ఇప్పుడు వెనక సీట్లో మనిషి బరువు కావాలి. పల్నాడులో బరువంటే రాయే. పెరట్లోంచి రాళ్లు తెచ్చి ఒక్కొక్కటీ చేత్తో తూచి సీట్లో పెట్టడం మొదలుపెట్టాడు. ఆయన చేతి అంచనా కిలో కూడా తప్పదు.

మంచం మీదనుంచి పిన్ని అడిగింది. "ఏందయ్యా ఆ రాళ్లు?"

"నువ్వే. యాభై ఎనిమిది కిలోలు."

"నేను అంత ఏడున్నా? ముప్పై తొమ్మిది. నిన్న కూడా కాటా మీద నిలబెట్టి రాసుకున్నారుగా."

బాబాయి చేతిలో రాయిని కింద పెట్టాడు. ఆసుపత్రిలో ప్రతిసారీ ఆమెను తూచేటప్పుడు ఆయన పక్కనే ఉంటాడు. అంకె విన్నాడు, తలూపాడు, మరిచిపోయాడు. పంతొమ్మిది కిలోల తేడాతో బుష్షులకు వచ్చే నష్టమేమీ లేదు. ఆయనకే ఏదో తగిలింది. ఒక్కొక్క రాయీ తీసి బయటపెట్టాడు.

"రాళ్లెందుకు, నేనే కూచుంటా" అని పిన్ని లేచింది. నేను చెయ్యి పట్టుకుని ఎక్కించాను. ఆమె వెనక సీట్లో కూర్చుని ఉండగా, ఆయన కింద పడుకుని బోల్టులన్నీ బిగించాడు. అరగంట పట్టింది.

శనివారం ఏడింటికి బయల్దేరాం. పిన్ని మారుమాట్లాడకుండా ఎక్కింది. ఊరు దాటేటప్పుడు స్పీడ్ బ్రేకర్ వచ్చింది. చప్పుడు లేదు. గుంటలో పడింది. చప్పుడు లేదు. బాబాయి నావంక గర్వంగా చూశాడు. "చూశావా తల్లీ?" అన్నాడు. నాకూ సంతోషం వేసింది. ఎన్నాళ్లకో ఆ కారులో మనిషి మాట మనిషికి వినపడుతోంది.

పిడుగురాళ్ల దాటాక వెనకనుంచి ఒక సన్నటి శబ్దం మొదలైంది.

బాబాయి స్పీడు తగ్గించి తల వంచి విన్నాడు. "ఎడమ పక్క. ఎక్కడో లూజు ఉండిపోయినట్టుందే." ఇంకా తగ్గించాడు. శబ్దం తగ్గలేదు. పక్కకు తీసి ఆపాడు. ఇంజన్ ఆపేశాడు.

ఇంజన్ ఆగినా ఆ శబ్దం వస్తూనే ఉంది.

ఇద్దరం వెనక్కి తిరిగాం. పిన్ని కళ్లు మూసుకుని, చీరకొంగు నోట్లో కుక్కుకుని మూలుగుతోంది. కిడ్నీలు పోయినవాళ్లకు ఎముకల్లో కూడా నొప్పి పుడుతుందట. నాకు ఆ సంగతి తర్వాత తెలిసింది. ఏడాదిన్నర ఆమె ముందు సీట్లో కూర్చుని ఫోన్ చూసుకుంటూ పోయిన నేను, నొప్పి ఉందా అని ఆమెను ఒక్కసారీ అడిగింది లేదు.

"ఎప్పట్నుంచే?" అన్నాడు బాబాయి.

కొంగు తీసి చెప్పింది. "చానాళ్ల నుంచి. ఆ మోతలో నీకు ఇనపడదని కాస్త మూలుక్కునేదాన్ని. ఇప్పుడు అదీ లేకుండా చేశావు."

"మరి కారు మీద ఎందుకు పెట్టావు?"

"కారంటే బాగుచేస్తావు. నన్నంటే ఏం చేస్తావయ్యా? రానన్నది ఆసుపత్రికి. నా వల్ల కావట్లేదు. నువ్వేమో స్పానర్లు తీసి కూచున్నావు."

సున్నపురాయి లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. బాబాయి స్టీరింగ్ మీద చేతులు పెట్టి ముందుకు చూస్తూ కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఎవరిని ఓదార్చాలో వాళ్లకి తెలియదని ఆపుకున్నాను.

చివరికి ఆయన అడిగాడు. "వెనక్కి తిప్పమంటావా రోశమ్మా?"

ఆ ప్రశ్న ఆమెను ఇన్నాళ్లలో ఎవరూ అడగలేదు. డాక్టరు అడగలేదు, ఆయన అడగలేదు, నేనూ అడగలేదు. ఆమె కిటికీలోంచి బయటికి చూసింది.

"ఇయ్యాల్టికి పోనీ" అంది. "మంగళారం సంగతి ఇప్పుడు అడగమాక."

"కొంగు నోట్లో పెట్టుకోమాక" అన్నాడాయన. "మూలుగు. నేను ఇంటా."

కారు కదిలింది. నిదానంగా పోనిచ్చాడు. కుదుపు తగిలినప్పుడల్లా ఆమె మూలిగింది. మూలిగినప్పుడల్లా ఆయన రోడ్డుమీదనుంచి చూపు తిప్పకుండా "ఊఁ" అన్నాడు. నరసరావుపేట చేరేదాకా ఆయన ఊఁ కొడుతూనే ఉన్నాడు.