వరండాలో సీసాల వరస

ఆ ఊళ్ళో డాక్టరు కోసం మనుషులు వరసలో నిలబడేవాళ్ళు కాదు. సీసాలు నిలబడేవి.

చల్లపల్లి దాటి సముద్రం వైపు వెళ్ళే బస్సుకి అదే చివరి ఊరు. మా బావ అక్కడి బళ్ళో మేస్టారు. అది డెబ్బైల నాటి సంగతి. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి ఒక్కడే డాక్టరు, ఈ ఊరికి గురువారం వచ్చేవాడు. ఆస్పత్రంటే రెండు గదులూ, పొడుగాటి వరండా. మందునీళ్ళకి ఎవరి సీసా వాళ్ళే తెచ్చుకోవాలి. తెల్లారీ తెల్లారకుండా వచ్చి, సీసాని గోడవారన వరసలో పెట్టి, వలల దగ్గరికో చేలోకో పోయేవాళ్ళు. డాక్టరు దిగాడని కబురందాక వచ్చి తమ సీసా వెనకాల నిలబడేవాళ్ళు. ఆముదం సీసాలు, పాత టానిక్కు సీసాలు, మూత పోతే గుడ్డపీలిక దోపినవి. ఎండకి అన్నీ ఒకేలా మెరుస్తుండేవి.

నేను బెజవాడ టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఆపరేటర్ని. చెవికి హెడ్‌సెట్, చేతిలో ప్లగ్గు, ముక్కు మీద కోపం. ఏ ఊరు కావాలన్నా నా చేతిలో ఉందనుకునే వయసు. అక్క నెలల కూతుర్ని చూద్దామని సెలవు పెట్టి వెళ్ళాను. బావ పరీక్షల డ్యూటీకి బందరు వెళ్ళాడు. బుధవారం సాయంత్రం నుంచి పిల్లకి వాంతులు, విరేచనాలు. గురువారం పొద్దున్నకి మాడు గుంటపడిపోయింది. మధ్యాహ్నానికి ఏడవటం కూడా మానేసింది. ఒళ్ళో పెట్టుకుంటే బరువే తెలియలేదు.

బందరు బస్సు పొద్దున్నే వెళ్ళిపోయింది. మళ్ళీ సాయంత్రమే. డాక్టరు ఇంకా రాలేదు. ఆస్పత్రికి ఆలస్యంగా వచ్చాం, మా సీసా వరసలో ఆఖర్న ఉంది. దాన్ని తీసి ముందు పెడదామని వంగాను.

గోడకి ఆనుకుని ఆయాసపడుతున్న ఓ ముసలాయన, మెళ్ళో సిలువ ఉంది, చెయ్యి అడ్డం పెట్టాడు. "ముట్టుకోమాకమ్మా. సీసా ఉంటే మనిషున్నట్టే."

"సీసాకి ప్రాణం లేదు తాతా. దీనికుంది."

"ఉందిలే. కూచో."

"కూచుంటే డాక్టరొస్తాడా?"

"నుంచుంటే వస్తాడా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్లని అక్క ఒళ్ళో పెట్టి పోస్టాఫీసుకి పరిగెత్తాను. ఊరికంతటికీ ఫోను అక్కడొక్కటే. పోస్టుమాస్టరు చేతిలోంచి రిసీవరు దాదాపు లాక్కున్నాను. బెజవాడలో నా పక్కసీటు అమ్మాయి గొంతు వినపడగానే సగం ప్రాణం లేచొచ్చింది. అది ఎలాగో తంటాలుపడి బందరు పెద్దాస్పత్రి గుమాస్తాని లైన్లోకి తెచ్చింది.

"ఆయన బయల్దేరాడండీ. దార్లో ఏ ఊళ్ళో ఆపేశారో మాకేం తెలుస్తుంది?"

"అయితే ఇంకో డాక్టర్ని పంపండి."

"ఉంటేగా పంపటానికి."

అంతే. రిసీవరు ఎత్తి కొట్టబోయాను.

"అమ్మాయిగారూ, మెల్లిగా పెట్టండి. మళ్ళీ ఇంకోటి ఇవ్వరు మాకు," అన్నాడు పోస్టుమాస్టరు.

ఆ దారంతా ఎవర్ని ఎలా నిలదీయాలో మాటలు వెతుక్కుంటూనే తిరిగొచ్చాను. వరండా మెట్లెక్కి చూద్దును గదా, మా సీసా వరసలో మొట్టమొదట ఉంది. అక్క పిల్లతో తలుపు పక్కనే కూర్చుని ఉంది. ఎవరూ నా వైపు చూడటం లేదు.

"ఎవరు మార్చారు?" అన్నాను.

అక్క గడ్డంతో చూపించింది. వరస చివర, ఎండపడే చోట, చేపలమ్మే ఆవిడ ఒకామె కాలు చాపుకుని కూర్చుంది. జెల్లచేప ముల్లు గుచ్చుకుని పాదం బూరెలా వాచిపోయింది. చీకటితో వచ్చి అందరికన్నా ముందు సీసా పెట్టింది ఆమే. ఇప్పుడు ఆ సీసా, మా సీసా ఉన్న చోట ఉంది.

ముసలాయన నాకు మాత్రమే వినపడేలా చెప్పాడు. "ఇచ్చినోళ్ళు ఆఖరికి పోవాల. మజ్జినోళ్ళ వరస చెదరగూడదు. అట్టయితే నష్టం ఒక్కళ్ళకే."

"మరి నేనడిగితే కూచోమన్నావేం?"

"అడగగూడదమ్మా. ఇవ్వలేనోళ్ళుంటారు. ఆళ్ళ ఇంట్లోనూ పిల్లలే ఉంటారు. నువ్వడిగావనుకో, ఆళ్ళు తలెక్కడ పెట్టుకోవాల?"

ఇదంతా ఎవరు కూర్చుని ఆలోచించారో, ఎన్ని గురువారాలు ఎదురుచూసి నేర్చుకున్నారో ఊహకందలేదు. ఆ మాసిన సీసాల వరస వైపు, గుళ్ళో నిలబడి చూసినట్టు చూస్తూ ఉండిపోయాను.

డాక్టరు మూడు దాటాక ఎవరిదో సైకిలు వెనక కూర్చుని వచ్చి దిగాడు. చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. పిల్లని చూడగానే మాటా పలుకూ లేకుండా తొడలోకి సన్న సూదితో సెలైన్ పెట్టించాడు. "ఇంకాస్త ఆలస్యమైతే నా చేతిలో ఉండేది కాదు," అని మాత్రం అన్నాడు. మిగతావాళ్ళని చూస్తూనే మధ్యమధ్యలో లేచొచ్చి పిల్ల మాడు తడిమి వెళ్ళేవాడు. ఎండ వరండా దిగిపోతున్న వేళ పిల్ల పెదాలు కదిపింది. తర్వాత ఏడుపు అందుకుంది. ఆస్పత్రి దద్దరిల్లేలా ఏడ్చింది.

"పిన్ని పోలికే," అన్నారు బయటెవరో. వరండా అంతా నవ్వింది. నేనూ ఏడుస్తూనే నవ్వాను.

సాయంత్రం బస్సు హారన్ కొట్టింది. డాక్టరు సంచీ అందుకున్నాడు. వరసలో ఒక్క సీసానే మిగిలింది. నేను ఆయనకి అడ్డంగా వెళ్ళబోయాను. చేపలావిడ నా చీర కొంగు పట్టుకుంది.

"పోనీమ్మా."

"నీ కాలు చూడకుండా ఎట్లా పోతాడు?"

"అవతలూళ్ళోనూ సీసాలుంటాయి గదా."

కాంపౌండరు ఇచ్చిన బిళ్ళల్ని చెంగున ముడేసుకుంది. ఖాళీ సీసా తీసుకుని, కుంటుకుంటూ వరండా ఈ చివరికి వచ్చి, తలుపు పక్కన గోడవారన పెట్టింది. వచ్చే గురువారానికి.

మర్నాడు పిల్లకి పాలు ఇముడుతున్నాయని చూసుకుని బెజవాడ వెళ్ళటానికి పొద్దున్న బస్సుకి బయల్దేరాను. తెల్లారుజామున వాన పడినట్టుంది. ఆస్పత్రి తలుపుకి తాళం. ఎవరో చేపలావిడ సీసాని చూరునీళ్ళు పడకుండా జానెడు లోపలికి జరిపారు. మొదటి చోటు మాత్రం దానిదే.