కిటికీ అవతల నీళ్ళ ట్యాంకు

ఆల్సీడ్ వెర్డిన్ అమెరికాలోని లూసియానా తీరంలో రొయ్యల పడవ నడిపిన మనిషి. కిడ్నీలు పాడయ్యాక వారానికి మూడుసార్లు మా ఆసుపత్రికి డయాలిసిస్‌కి వచ్చేవాడు. నేనక్కడ నర్సుని. కుర్చీలో ఉన్నంతసేపూ ఆయనకి ఒకటే పని, ప్రశ్నలు వెయ్యడం.

ఆ వేసవిలో కిటికీ అవతల పెద్ద ట్యాంకు లేచింది.

"ఏమిటమ్మాయ్ అది?"

"తుఫానుకి ఊరి నీళ్ళు ఆగిపోతే మనకి ఆధారం, తాతా. గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ కూడా వస్తుందట."

"ఆసుపత్రికి పచ్చరంగేస్తారా?"

"రంగు కాదు. నీళ్ళూ కరెంటూ వృథా చెయ్యని కట్టడమని ఇస్తారు."

ఆయన ట్యాంకు బాగా కనపడేలా కుర్చీ తిప్పించుకున్నాడు. అంతకుముందు తుఫానులో కుళాయిలు ఎండిపోతే, ఒళ్ళంతా నీరుపట్టి, ఆయాసపడుతూ డయాలిసిస్ కోసం బస్సులో బాటన్ రూజ్ నగరం దాకా వెళ్ళాడు మరి.

సర్టిఫికెట్ పనులు చూసే కోరలీ ఒకరోజు వార్డులోకి రాగానే పట్టుకున్నాడు.

"ఏమ్మా, నిలవ నీళ్ళు పాడవ్వవా? మా పడవలో పీపా నీళ్ళు వారం తిరక్కుండానే కంపు కొట్టేవి."

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. "అందుకే నిలవుంచం. ఊరి నీళ్ళు ముందు ట్యాంకులో పడతాయి, అక్కణ్ణుంచి కుళాయిలకి. పాతవి వాడుతుంటే కొత్తవి నిండుతుంటాయి. పారబొయ్యక్కర్లేదు."

"నా మిషను కోసం శుద్ధి చేసేటప్పుడు బోలెడు నీళ్ళు కాలవలోకి పోతాయటగా?"

"ఇకమీదట అవి బాత్రూములకి."

"అయితే నేను చస్తే మీ బాత్రూములు ఎండిపోతాయన్నమాట!"

వార్డంతా గొల్లున నవ్వింది.

ట్యాంకు నీళ్ళు మొదలైన రోజు రుచి చూస్తానని పట్టుబట్టాడు. కిడ్నీల జబ్బు వల్ల ఆయన రోజుకి తాగొచ్చేదే కొంచెం. మందుల కప్పులో పోసిచ్చాను. నోట్లోనే చాలాసేపు ఉంచుకుని మింగాడు.

"పర్లేదు, పైపు వాసన లేదు," అన్నాడు.

సర్టిఫికెట్ వచ్చింది. శరత్కాలంలో తుఫానూ వచ్చింది. ఊరి పెద్దపైపు పగిలింది. పక్క ఊరి రోగుల్ని కూడా మా దగ్గరికే తీసుకొచ్చారు. వాళ్ళలో ఒకావిడ కుర్చీలో కూర్చుంటూ, "నేను మిషను మీదుండగా నీళ్ళు ఆగిపోతే?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే పక్క కుర్చీలోంచి ఆల్సీడ్ అందుకున్నాడు. "ఆగవు. గాలి మొదలవ్వకముందే ట్యాంకు నిండిందని కనుక్కునే వచ్చి కూర్చున్నా. అదెలా పనిచేస్తుందో చెప్తాగానీ, ముందు చెయ్యి చాపు తల్లీ. నర్సుకి పనుంది."

ఆవిడ చెయ్యి చాపింది. సూది గుచ్చుతున్నంతసేపూ ఆయన చెబుతూనే ఉన్నాడు. కాసేపటికి ఆవిడ కిటికీ వైపు తిరిగి, "మరి లోపల పాచి పట్టదా?" అంది.

ఆల్సీడ్ మొహం వెలిగిపోయింది.