బురుజు నీడన ఎర్ర కనాతు

కర్నూలు కోట బురుజు నీడ ఏ నెలలో ఏ వేళకు ఎంత దూరం పడుతుందో నన్ను అడగండి, చెప్తాను. చరిత్ర మాత్రం అడగొద్దు. దాన్ని ఎవరు కట్టించారో, కింద సొరంగం ఉందో లేదో చెప్పేవాళ్లు ఊళ్లో అడుగుకొకరు ఉన్నారు. నేను స్కూల్ ఫైనలు చదివింది ఆ నీడలో కూర్చుని. అందుకే ఆ బురుజు గురించి నాకు తెలిసినంత వాళ్లకు తెలియదని నా పొగరు.

అంతకుముందు మా ఆడపిల్లల బడి ఒక పాత బంగళాలో ఉండేది. ఎవరో తెల్లదొర తన కాపురానికి కట్టించుకున్నదట. దొర పోయాడు, ఎత్తయిన ప్రహరీ, దాని మీద గుచ్చిన గాజుపెంకులు మిగిలాయి. ఆ గాజుపెంకులను చూసే మా నాయన నన్ను బడికి పంపాడు. మాది ముస్లిం కుటుంబమే అయినా ఇంట్లో మాటలన్నీ తెలుగే, ఘోషా పట్టింపు కూడా అంతంత మాత్రమే. కానీ ఎదిగిన ఆడపిల్ల దారిన పోయేవాళ్ల కళ్లలో పడకూడదని మా నాయన పట్టుదల. గోడ లోపల నేనేం చదువుతున్నానో ఆయన ఏనాడూ అడగలేదు. గోడ ఉంది, ఆయనకది చాలు.

యాభై మూడులో ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయింది. ఊరు ఊరంతా అద్దెకు పోయింది. వసారాల్లో, గాదెల్లో, ఎవరో వదిలేసిన గుర్రపు సాలలో కూడా గుమాస్తాలు దిగారు. మా బంగళా ఏదో కార్యాలయానికి కావాలన్నారు. వారం తిరక్కుండా మా బెంచీలు రోడ్డు మీద ఉన్నాయి. మా పెద్ద పంతులమ్మ ఆ బెంచీల మధ్య నిలబడి, "బంగళా పోయింది, బడి పోలేదు. రేప్పొద్దున అందరూ బురుజు కాడికి రాండి" అంది. మనిషి పొట్టి, గొంతు మాత్రం కోట దాటి వినిపించేది.

అలా బురుజుకు ఉత్తరం పక్కన, చలికాలమంతా నీడ నిలిచే చోట మా తరగతి మొదలైంది. తొమ్మండుగురం ఉండేవాళ్లం, నెల తిరిగేసరికి నలుగురం మిగిలాం. పిల్లకాయలు చుట్టూ మూగేవాళ్లు. జట్కావాళ్లు బండి ఆపి మరీ చూసేవాళ్లు. సంక్రమణం వెళ్లిన వారంలో ఆ సంగతి మా నాయన చెవిన పడింది.

"గోడ లేని బడికి నా బిడ్డను పంపేది లేదు" అన్నాడు. అంతటితో ఊరుకోలేదు. నందికొట్కూరు సంబంధం వాళ్లు ఎప్పుడో అడిగి ఉన్నారు, రంజాను వెళ్లగానే నిఖా చేసేద్దామన్నాడు. పరీక్షలకు మూడు నెలలు కూడా లేదు. పదేళ్లు చదివి, గట్టు కనిపిస్తుండగా మునిగిపోవడమా అని నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

ఎందుకు మండిందో చెప్పాలి. మా నాయన వ్యాపారమే గోడలు. పెళ్లిళ్లకు షామియానాలు, కనాతులు అద్దెకిచ్చే అంగడి మాది. కనాతంటే వెదురు కర్రలు దూర్చి నిలబెట్టే గుడ్డ గోడ. రాజధాని వచ్చాక ఆయన కనాతులన్నీ కొత్తగా దిగిన ఉద్యోగుల డేరాల చుట్టూ నిలబడ్డాయి. ఇంట్లో రోజూ పలావు వాసనే.

"ఊరందరికీ గోడలు కడతాండావు గదా నాయనా, మా బడికి ఒక్కటి కట్టలేవా?" అన్నాను.

"యాడుండాయి మే? అంగట్లో ఒక్క గుడ్డ లేదు. అన్నీ బయటే ఉండాయి."

గడపలో కూర్చుని తమలపాకు తుడుస్తున్న మా జేజి, అంటే ఆయన తల్లి, తలెత్తకుండానే అంది. "అంగట్లో అన్నీ ఉండాయి, అల్లుడి నోట్లో శని. నీ కత అట్లుండాది."

మా నాయన చెప్పింది అబద్ధం కాదు. అద్దెకు పోని కనాతు ఒక్కటే ఉంది, అదీ ఇంట్లో, జేజి పెట్టెలో. ముదురు ఎర్ర గుడ్డ మీద పచ్చ పూలు కత్తిరించి కుట్టిన కనాతు. జేజి కొత్త కోడలుగా ఉన్నప్పుడు రెండేళ్లు కూర్చుని కుట్టింది. మా ఇంటి ఆడపిల్లల నిఖా దాని వెనకే జరిగేది. దానికొక కట్టుబాటుంది. ఒకసారి నిలబెడితే ఇంట్లో నిఖా జరగకుండా దించకూడదు, దించితే ఆ పిల్లకు అచ్చిరాదు. ఈ మాట మా నాయన అంగటికి వచ్చిన ప్రతి బేరానికీ గొప్పగా చెప్పుకునేవాడు.

మర్నాడు ఆయన వెదుళ్ల కోసం నంద్యాల పోయాడు. నేను జేజి కాళ్ల దగ్గర కూర్చుని ఆ కనాతు అడిగేశాను. తిడుతుందనుకున్నాను. ఆమె నోట్లో వక్కను ఒక బుగ్గకు తోసింది.

"నాకు సదువు సంగతి తెలీదు మే. కుట్టు సంగతి తెల్సు. పదేండ్లు కుట్టి, కొనాకు ముడెయ్యకుండా వదిలితే ఏమయితాది? అంతా ఊడొస్తాది. లెయ్యి, పెట్టె తియ్యి."

అంగట్లో పనిచేసే ఇద్దరిని పిలిచింది. కనాతు వాళ్ల భుజాల మీద, తాను ముందు, నేను వెనక. బురుజు గోడ ఒక పక్క ఉంది కాబట్టి మిగిలిన మూడు పక్కలా కనాతు తిరిగింది. మేకులు ఆమే దగ్గరుండి కొట్టించింది. పెద్ద పంతులమ్మ లోపలికి వచ్చి చుట్టూ చూసి, "ఇంత ఎరుపులో నా బోర్డు నల్లగా ఉందో లేదో నాకే తెలీడంలేదు" అని నవ్వింది. మా తెల్ల కాగితాలు కూడా గులాబి రంగుకు తిరిగాయి. ఆ వెలుగులో నేను జామెట్రీ చేస్తుంటే కలిగిన సంతోషం ఇంకెప్పుడూ కలగలేదు.

బడి వరకు బాగానే ఉంది. ఊరు ఊరుకుంటుందా? ఎర్ర కనాతు నిలబడిందంటే మా ఇంట పెళ్లని పాతబస్తీలో అందరికీ తెలుసు. సాయంత్రానికల్లా బంధువులు తమను పిలవలేదని ముఖాలు ముడుచుకున్నారు. ఒకాయన మిఠాయి పొట్లంతో కనాతులోకి తొంగిచూసి, బోర్డు మీద త్రిభుజం చూసి, పొట్లం మాకే ఇచ్చి పోయాడు. మేం తినేశాం. నాలుగు రోజులకు నంద్యాల బండి దిగిన మా నాయనకు స్టేషను బయటే తమలపాకుల అంగడి ఆయన ఎదురయ్యాడట. "ఏమప్పా, బిడ్డ పెండ్లి చేస్తాండావంట, మాకు ఒక్క మాటన్నా చెప్పకపోతివే" అన్నాడట.

అది కాదు అసలు దెబ్బ. ఈలోపే సంతకు వచ్చిన నందికొట్కూరు పిల్లవాడి మేనమామ కనాతును కళ్లారా చూశాడు. మాకు మాటిచ్చి ఇంకొకరికి చేస్తున్నారా అని మండిపడి, మా గడప తొక్కకుండానే వెనక్కి పోయి సంబంధం వద్దని కబురు పంపాడు. నేను బాధపడ్డానని రాస్తే కళ్లు పోతాయి. లోపల్లోపల ఎగిరి గంతేశాను.

మా నాయన మాత్రం రెండు మాటలూ విని నిప్పు తొక్కినట్టే వచ్చాడు. మేం లెక్కలు చేసుకుంటుంటే కనాతు ఎత్తి లోపలికి అడుగుపెట్టాడు. వాకిలి దగ్గర జేజి కూర్చుని ఉంది. రోజూ అక్కడే కాపలా కూర్చునేది.

"ఎవరు పెట్టమన్నారమ్మా దీన్ని? నా పరువంతా బజారున పడె. దించండి."

"దించు" అంది జేజి. "నిఖా కాకుండా దించితే బిడ్డకు అచ్చిరాదని ఊరంతా చెప్తాండేది నువ్వే గదా. నీ చేత్తోనే దించు, నేను చూస్తాండా."

ఆయన చెయ్యి తాడు దాకా పోయింది. అక్కడే ఆగింది. నేను లేచి నిలబడ్డాను. "గోడ లేదని గదా నాయనా వద్దంటివి. ఇప్పుడు గోడ ఉండాది. నేను పరీక్ష రాస్తా."

అంతవరకు బోర్డు వైపు తిరిగి ఉన్న పెద్ద పంతులమ్మ, చాక్‌పీసు ముక్క విసిరేసి, "మీరు నిలబడితే పిల్లలకు బోర్డు కనపడదు" అంది. మా నాయన పక్కకు జరిగాడు. జరిగిన చోట ఒక మేకు వదులుగా కనిపించింది. అరవై పందిళ్లు వేసిన చెయ్యి ఊరుకుంటుందా? వంగి, రాయి తీసుకుని ఆ మేకు దిగ్గొట్టి, తాడు బిగించి వెళ్లిపోయాడు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మా జేజి ముందు ఆ మొండివాడూ దిగదుడుపే.

మానేసిన ఐదుగురిలో నలుగురు మళ్లీ వచ్చారు. ఆ తండ్రులకూ మా నాయనలాగే గోడ కావాలి, అంతే. ఉగాది దగ్గరపడేకొద్దీ నీడ తరిగి బురుజు మొదట్లోకి పోయింది. మేం గోడకు వీపులు ఆనించి, ఒకరి మీద ఒకరం పడి చదివాం. పరీక్షలు రాసేశాం. నాకు భయం పరీక్షల గురించి కాదు, ఆ తర్వాతి రోజుల గురించి. చదువు అయిపోయింది, ఇక ఇంకొక సంబంధం చూస్తారు. కడపకు పోయి టీచరు ట్రైనింగు చేయాలని నా మనసులో ఉన్న మాట జేజికి కూడా చెప్పలేదు.

ఫలితాలు పేపర్లో వచ్చిన రోజు మా నాయన పొద్దున్నే బయటికి పోయాడు. ఆయనకు చదవడం రాదు, గుడ్డ కొలిచే మనిషి కాబట్టి అంకెలు మాత్రం వచ్చు. నా పరీక్ష నెంబరు ఆయన నన్నెప్పుడూ అడగలేదు. ఎప్పుడు చూసుకున్నాడో, ఎప్పుడు కంఠస్థం చేశాడో తెలియదు. ఎండ ఎక్కాక తిరిగొచ్చి, మడిచిన పేపరు నా ముందు పరిచి, ఒక నెంబరు మీద వేలు పెట్టాడు. అది నాదే.

నేను ఏడ్చాను. ఆయన నా ఏడుపు తగ్గేదాకా నిలబడి, తర్వాత మెల్లగా అడిగాడు.

"ఇంగ కనాతు దించమంటావా పాపా?"

దించాలంటే నిఖా జరగాలి. ఆయన అడుగుతున్నది అదేనని ఇద్దరికీ తెలుసు. మా ఇంట్లో ఆ ప్రశ్న అంతకుముందు ఏ ఆడపిల్లనూ ఎవరూ అడగలేదు. మా జేజిని కూడా.

"వద్దు నాయనా. కడపలో ట్రైనింగు రెండేండ్లు. అంతదాకా ఉండనీ."

ఆయన పేపరు మడుచుకున్నాడు.

"రెండేండ్లు ఎండలో ఉంటే రంగు పోతాది మే."

"పోనీ నాయనా" అన్నాను.