మునేటి మడుగులో బొమ్మిడాయిలు

వ్యవసాయంలో నాకు తెలియనిది లేదని విర్రవీగే రోజుల్లో, డెబ్బైల మధ్యలో, నా బుద్ధి గడ్డి తిన్నది. నందిగామ దగ్గర మా మిరపతోటకు ఎండ్రిన్ పురుగుమందు కొట్టి, ఆ పంపు తీసుకెళ్ళి మునేటిలో కడిగాను. వానాకాలమంతా అక్కడే కడిగాను కదా, ఏమైంది అనుకున్నాను. మాఘమాసానికి ఏరు పారడం మానేసి మడుగు కట్టిందన్న ఇంగితం ఉండక్కర్లేదూ!

మర్నాడు పొద్దున వెళ్ళేసరికి మడుగు నిండా తెల్లటి పొట్టలు. పరిగెలు, జెల్లలు, వాటి మధ్య పొడుగాటి బొమ్మిడాయిలు. నందిగామ బజారులో చేపలమ్మే అవ్వ గట్టు మీద కూలబడి ఉంది. జగ్గయ్యపేట వైపు మడుగుల్లో క్వారీ తూటాలు పేల్చి చేపలు పట్టడంతో అక్కడ బొమ్మిడాయి అన్నదే లేకుండా పోయింది. మిగిలింది ఈ మడుగులోనే. విత్తనానికుండాలని అవ్వ ఇక్కడ వల వేసేది కాదు, ఎవరినీ వేయనిచ్చేది కాదు.

"ఏ ఎదవ చేశాడు బాబూ ఈ పని? ఆడి చేతులు పడిపోను!" అంది.

నా చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాను. చచ్చిన చేపల్ని ఎవరైనా ఏరుకెళ్ళి వండుకుంటారేమోనని ఆవిడ సాయంత్రం దాకా అక్కడే కాపలా కూర్చుంది. నేను పిరికివాడిలా ఇంటికొచ్చేశాను.

ఆ ఎండాకాలం నాకు ముద్ద దిగలేదు. తోటలో కాయ విరగకాసినా సంతోషం లేదు. ఒక జాతిని తుడిచిపెట్టానన్న దిగులు మా ఆవిడకు కూడా చెప్పుకోలేకపోయాను.

వానలు పడి, ఏరు వచ్చి తగ్గింది. ఒకరోజు అవ్వ సత్తు తపేలా చంకన పెట్టుకుని మా గుమ్మంలోకొచ్చింది. తొంగిచూస్తే నీళ్ళలో వేలెడేసి బొమ్మిడాయి పిల్లలు మూడు, గిలగిలా తిరుగుతున్నాయి.

"తుంగ దుబ్బుల కింద బురదలో దాక్కున్నయ్యి బతికినయ్ బాబూ. మడుగులో ఇంకా బోలెడున్నయ్!"

గుండెల మీద నుంచి బండ దింపినట్టయింది. సిగ్గు విడిచి గుమ్మంలోనే ఏడ్చేశాను. "ఆ పంపు కడిగింది నేనే అవ్వా" అన్నాను.

"తెలుసులే, ఆ రోజు చేతులు ఎనక్కి దాచినప్పుడే. అందుకేగా బజారుక్కూడా పోకుండా ముందు నీ కాడికి తెచ్చా. పద, మళ్ళీ మడుగులో ఒదిలేసొద్దాం."